ల్యూమెన్ల లెక్క: చేతిలైటులో నిజంగా మారిందేమిటి

తెనాలి పక్కనున్న మా ఊళ్లో కాలువ నీళ్ల వంతు రాత్రి పూట వచ్చినప్పుడు మా నాన్నగారు మూడు సెల్లుల స్టీలు టార్చి పట్టుకుని పొలానికి వెళ్లేవారు. అది మూరెడుకు కాస్త తక్కువ పొడవుండేది. మడవ కట్టేటప్పుడు దాన్ని చంకలో ఇరికించుకునేవారు. గట్టు మీద నడిచేటప్పుడు ఆయన దాన్ని ఎప్పుడూ వెలిగించి ఉంచేవారు కాదు. నాలుగడుగులకోసారి మీట నొక్కి, ముందున్న దారి చూసుకుని, వెంటనే ఆర్పేసి, కళ్లలో మిగిలిన ఆ బొమ్మను నమ్ముకుని మరో నాలుగడుగులు వేసేవారు. సెల్లులు ఖరీదు కాబట్టి అలా చేస్తున్నారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. నిజానికి ఎడతెగకుండా వెలిగిస్తే గంట తిరిగేసరికి ఆ బల్బు ఎర్రబారి, నిప్పుకణికలాగా మిగిలిపోయేది. ఆయన పొదుపు చేస్తున్నది డబ్బును మాత్రమే కాదు, ఇంటికి తిరిగొచ్చేదాకా కావలసిన వెలుతురును కూడా. ఇప్పుడు డెబ్బై దాటిన ఆయన చొక్కా జేబులో అరచేతిలో ఇమిడిపోయే ఎల్‌ఈడీ లైటు ఒకటి ఉంటుంది. దాన్ని వెలిగించి గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఆర్పకుండా నడుస్తారు.

ఈ రెండింటి మధ్య ఏం జరిగిందని అడిగితే చాలామంది చెప్పే సమాధానం "ఎల్‌ఈడీ వచ్చింది" అన్నదొక్కటే. అది సగం నిజం. విజయవాడ బీసెంట్ రోడ్డులో చిన్న లైట్ల పెట్టెలను వరుసగా చూస్తూ వెళ్తే, వాటి మీద వేల ల్యూమెన్ల నుంచి లక్షల ల్యూమెన్ల దాకా అంకెలు కనిపిస్తాయి (ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత), ధర మాత్రం ఐదారు వందల రూపాయలే ఉంటుంది. వచ్చిన మార్పంతా ఆ ఒక్క అంకెలో ఉందనే భ్రమను అవి కలిగిస్తాయి. వాస్తవానికి చేతిలైటు మెరుగుపడింది వెలుతురు పుట్టించే చిప్పులో, దానికి శక్తినిచ్చే సెల్లులో, ఆ రెండింటి మధ్య కూర్చున్న చిన్న సర్క్యూట్‌లో, వేడిని బయటికి లాగే లోహపు ఒంటిలో. అదీ ఒకేసారి కాదు, వేర్వేరు కాలాల్లో. వీటిలో ఏ ఒక్కటి వెనకబడినా మిగతావాటి ప్రయోజనం చేతికి అందదు. అందుకే ఈ వ్యాసంలో లైటును దాని పెట్టె మీది అంకెతో కాకుండా జమాఖర్చుల పుస్తకంలాగా చదవడానికి ప్రయత్నిస్తాను: సెల్లులో ఎంత జమ ఉంది, వెలుతురుగా ఎంత ఖర్చవుతోంది, వేడిగా ఎంత వృథా పోతోంది.

ముందు పాత టార్చి సంగతి చూద్దాం. దాని బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ విద్యుత్తుకు కాగి, ఆ కాక వల్ల వెలుగుతుంది. కాగిన తీగ ఇచ్చే శక్తిలో అత్యధిక భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా, అంటే వేడిగా పోతుంది. చిన్న టార్చి బల్బు ఒక వాట్ శక్తికి సుమారు 10 ల్యూమెన్ల వెలుతురు ఇస్తే గొప్ప. దీనికి తోడు మరో బలహీనత ఉంది, పొలంలో మా నాన్నగారిని ఇబ్బంది పెట్టింది అదే. తీగ బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు. దాదాపు మూడున్నర ఘాతంతో పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్ఫై శాతం తగ్గుతుంది. వాడకంలో సెల్లు ఒకటిన్నర వోల్టుల నుంచి ఒక వోల్టుకు దిగేసరికి, లోపల ఇంకా శక్తి మిగిలి ఉన్నా, మొదటి వెలుతురులో నాలుగో వంతు మాత్రమే వస్తుంది. సెల్లులను ఎండలో పెట్టి మళ్లీ వేసుకోవడం, ముందూ వెనకా మార్చి చూడడం లాంటి మన ఇళ్లలోని చిట్కాలన్నీ ఈ పతనంతో చేసిన పోరాటాలే.

ఎల్‌ఈడీ కథ 1962లో మొదలైంది. ఆ ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే ఎల్‌ఈడీని చేసి చూపించారు. తర్వాత మూడు దశాబ్దాల పాటు అది రేడియోలలో, గడియారాలలో సూచిక దీపంగానే మిగిలిపోయింది, ఎందుకంటే తెల్లని వెలుతురు కావాలంటే నీలి రంగు కావాలి, ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ చేయడం ఎవరికీ సాధ్యపడలేదు. జపాన్ శాస్త్రవేత్తలు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా ఆ ముడి విప్పారు. నిచియా సంస్థలో నకమురా కృషితో 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ బయటికొచ్చింది. 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1996 నాటికి నిచియా ఆ నీలి చిప్పు మీద పసుపు పచ్చని ఫాస్ఫర్ పొడి పూసి తెల్లని ఎల్‌ఈడీ తెచ్చింది. నీలి వెలుగులో కొంత ఆ పొడిని తాకి పసుపుగా మారుతుంది, కొంత నీలంగానే బయటికొస్తుంది, ఆ రెండూ కలిసి మన కంటికి తెలుపుగా తోస్తాయి. నేటికీ దాదాపు ప్రతి చేతిలైటులో జరుగుతున్నది ఇదే. వెలిగించని ఎల్‌ఈడీ మధ్యలో కనిపించే పసుపు మచ్చ ఆ ఫాస్ఫరే.

అయితే ఆ తొలి తెల్ల ఎల్‌ఈడీలు సామర్థ్యంలో తీగ బల్బును పెద్దగా మించలేదు. పైగా అవి అతి చిన్నవి. ఒక్కోటి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటును మాత్రమే భరించేది. అందుకే రెండువేల సంవత్సరం తర్వాత కొన్నేళ్ల పాటు మన బజార్లలో ముఖం నిండా గుడ్డి కన్నుల్లాగా తొమ్మిది, పన్నెండు, ఇరవై ఎల్‌ఈడీలు గుచ్చిన లైట్లు కనిపించేవి. అవి దగ్గర్లో చల్లని నీలిపాటి వెలుగును పరిచేవి గాని, పది గజాల అవతల గట్టు ఎక్కడ ముగిసిందో చూపేవి కావు. అసలు మలుపు ఒకే చిప్పులో ఎక్కువ కరెంటును పంపి, దాని అడుగు నుంచి వేడిని లాగేసే పవర్ ఎల్‌ఈడీలతో వచ్చింది. లక్సియాన్ పేరుతో వచ్చిన తొలి తరం రకాలు ఒక వాట్‌కు పాతిక ల్యూమెన్ల దరిదాపుల్లో ఇచ్చేవి. 2006లో క్రీ అనే సంస్థ తెచ్చిన ఎక్స్ఆర్-ఈ దాన్ని ఎనభై దాకా తీసుకెళ్లింది. 2010 చివర్లో అదే సంస్థ ప్రకటించిన ఎక్స్ఎమ్-ఎల్ మూడు ఆంపియర్ల కరెంటుతో ఒకే చిప్పు నుంచి వెయ్యి ల్యూమెన్లు రాబట్టింది. అంటే పట్టుమని పదేళ్లలో ఒక్క చిప్పు ఇచ్చే వెలుతురు నలభై రెట్లయింది. ప్రతి దశాబ్దానికీ ఒక్కో ఎల్‌ఈడీ ఇచ్చే వెలుతురు ఇరవై రెట్లు పెరుగుతుంది, ల్యూమెన్‌కు అయ్యే ఖర్చు పదో వంతుకు తగ్గుతుంది అని రోలాండ్ హైట్జ్ 2000లో చెప్పిన సూత్రాన్ని చేతిలైటు తయారీదారులు తమ కళ్లముందే చూశారు.

కానీ ఆ పరుగు అదే వేగంతో సాగదు, సాగలేదు. కంటికి తెల్లగా కనిపించే కాంతికి ప్రకృతి విధించిన హద్దు వాట్‌కు 300 ల్యూమెన్ల పరిసరాల్లో ఉంది. నేటి మంచి ఎల్‌ఈడీ తక్కువ కరెంటు దగ్గర అందులో సగాన్ని ఇప్పటికే దాటింది. కరెంటు పెంచే కొద్దీ చిప్పు సామర్థ్యం తగ్గిపోయే గుణం కూడా ఒకటి ఉంది. మందంగా వెలిగినప్పుడు వాట్‌కు 150 ఇచ్చే చిప్పే పూర్తి జోరులో వందకు దిగవచ్చు. లెన్సులో, సర్క్యూట్‌లో పోయేది కూడా తీసేస్తే, అద్దం దాటి బయటికొచ్చే వెలుతురు వాట్‌కు సుమారు వంద ల్యూమెన్లని లెక్క కట్టుకోవడం న్యాయంగా ఉంటుంది. ఈ వంద అనే అంకెను గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను, ఎందుకంటే పెట్టె మీది అబద్ధాలను పట్టుకునే తాళంచెవి ఇదే.

ఇక సెల్లు. 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ సెల్లు మొదట కెమెరాలకు, తర్వాత ల్యాప్‌టాప్‌లకు ప్రాణం పోసింది. ఆ విజ్ఞానానికి పునాది వేసిన జాన్ గుడ్ఎనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. చేతిలైట్ల లోకం స్వీకరించినది అందులో 18650 అనే స్థూపాకారపు సెల్లును. పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. నాణ్యమైన సెల్లు 3.6 వోల్టుల దగ్గర సుమారు 3500 మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తుంది, అంటే పన్నెండున్నర వాట్ గంటల శక్తి. ఆశ్చర్యం ఏమిటంటే, మా నాన్నగారి కాలపు రెండు పెద్ద సెల్లులు కలిపి ఇచ్చిన శక్తి కూడా ఇంచుమించు ఇంతే. తేడా ఎక్కడుందంటే, ఆ రెండు సెల్లుల బరువు పావుకిలోకు కొంచెం తక్కువ, ఈ ఒక్క సెల్లు బరువు యాభై గ్రాముల లోపు. అవి అయిపోతే పారేయాలి, దీన్ని కొన్ని వందల సార్లు నింపుకోవచ్చు. అవి భారమైన కరెంటు అడిగితే కుంగిపోతాయి, ఇది అడిగినంతా ఇస్తుంది. కాబట్టి శక్తి పెరిగి లైటు మెరుగుపడలేదు. అదే శక్తి ఐదో వంతు బరువులోకి ఒదిగింది, ఆ శక్తి నుంచి వచ్చే వెలుతురు పది రెట్లయింది.

ఇప్పుడు జమాఖర్చులు వేద్దాం. పన్నెండున్నర వాట్ గంటలను వాట్‌కు వంద ల్యూమెన్లతో హెచ్చిస్తే 1250 వస్తుంది. దీన్ని ల్యూమెన్ గంటలు అనుకుందాం, కరెంటు బిల్లులో యూనిట్ల లాగా. ఈ నిధిని ఎవరెలా ఖర్చు పెట్టినా మొత్తం మారదు: వెయ్యి ల్యూమెన్లతో గంటంబావు, నూరు ల్యూమెన్లతో పన్నెండు గంటలు, ముప్ఫై ల్యూమెన్లతో నలభై గంటలకు పైన. అదే రెండు సెల్లుల పాత టార్చి నిధి 120 ల్యూమెన్ గంటలే. ఇప్పుడు పెట్టె మీద "వెయ్యి ల్యూమెన్లు, మూడు గంటలు" అని ఉందనుకోండి. మూడు వేల ల్యూమెన్ గంటలు ఒక్క 18650 సెల్లులో పట్టవు. కాబట్టి రెండు అంకెల్లో ఒకటైనా అబద్ధమై ఉండాలి, లేదా రెండూ వేర్వేరు సమయాలకు సంబంధించిన నిజాలై ఉండాలి. మర్యాదస్థులైన తయారీదారుల విషయంలో ఎక్కువగా జరిగేది రెండోదే, దాని వెనక ఒక ప్రమాణం కథ ఉంది.

2009లో అమెరికాలో చేతిలైట్లకు ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం వచ్చింది, 2019లో దాన్ని సవరించారు. అంతకుముందు ఎవరికి తోచిన అంకె వారు వేసుకునేవారు. ఈ ప్రమాణం ప్రకారం ల్యూమెన్లను చిప్పు దగ్గర కాకుండా లైటు బయట కొలవాలి, దూరాన్ని ఒక నిర్దిష్ట వెలుగు స్థాయి దగ్గర చెప్పాలి, నీటిని, కింద పడడాన్ని తట్టుకునే శక్తిని పరీక్షించాలి. వీటన్నిటిలోనూ మేలు జరిగింది. చిక్కంతా వెలిగే కాలాన్ని కొలిచే పద్ధతిలో ఉంది: లైటు వెలిగించిన ముప్ఫై సెకన్ల తర్వాత గడియారం మొదలుపెట్టి, వెలుతురు మొదటి విలువలో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కిస్తారు. అందువల్ల వెయ్యి ల్యూమెన్లతో మొదలై, రెండు నిమిషాల్లో మూడు వందలకు దిగి, మూడు గంటలు అక్కడే నిలిచి, చివర్లో వందకు జారిన లైటు కూడా "వెయ్యి ల్యూమెన్లు, మూడు గంటలు" అని రాసుకోవచ్చు. అది ప్రమాణాన్ని ఉల్లంఘించడం కాదు. అయినా కొన్నవాడు మోసపోయినట్టే ఉంటుంది. పేరున్న సంస్థలు కొన్ని సమయం గడిచే కొద్దీ వెలుతురు ఎలా తగ్గుతుందో చూపే గీతను కూడా ముద్రిస్తాయి. నా దృష్టిలో పెట్టె మొత్తం మీద చదవదగినది ఆ ఒక్క గీతే.

వెయ్యి నుంచి మూడు వందలకు ఎందుకు దిగాలి? సెల్లులో శక్తి లేక కాదు, వేడి పోవడానికి దారి లేక. తీగ బల్బు తన వేడిని కిరణాలుగా ముందుకు వెదజల్లేది. అందుకే పాత టార్చి అద్దం మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. ఎల్‌ఈడీ ముందుకు వెలుతురును మాత్రమే పంపుతుంది, వేడిని వెనక్కి, తాను కూర్చున్న పలక లోకి దింపుతుంది. పది వాట్లు తాగే చిప్పు అందులో ఆరేడు వాట్లను వేడిగా మారుస్తుంది. ఆ వేడి రాగి పలక గుండా అల్యూమినియం ఒంటిలోకి, అక్కడి నుంచి గాలిలోకి, మన చేతిలోకి పోవాలి. అరచేయంత లైటు ఉపరితలం గాలి కదలని చోట రెండు మూడు వాట్ల కంటే ఎక్కువ వేడిని వదిలించుకోలేదు, ఎందుకంటే ఒంటి ఉష్ణోగ్రత యాభై డిగ్రీలు దాటితే చెయ్యి పట్టుకోలేదు, చిప్పు ఆయుష్షూ తగ్గుతుంది. రెండు మూడు వాట్ల వేడి అంటే మొత్తం వాడకం నాలుగు వాట్ల లోపు, వెలుతురు మూడు వందల నుంచి నాలుగు వందల ల్యూమెన్లు. చిన్న లైటు ఎంత గొప్పదైనా గంటల తరబడి నిలబెట్టగల వెలుతురుకు ఇదే ఇంచుమించు హద్దు.

ఇక్కడే మన ఊరి వాతావరణం లెక్కలోకి వస్తుంది. ఈ లైట్లను పరీక్షించే గదుల్లో గాలి ఇరవై, ఇరవై రెండు డిగ్రీల చల్లగా ఉంటుంది. బెజవాడలో మే నెల రాత్రి ఎనిమిది గంటలకు కొండ రాళ్లు ఇంకా వేడి కక్కుతుంటే గాలి ముప్ఫై ఐదు డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది. ఒంటికీ గాలికీ మధ్య తేడా ముప్ఫై డిగ్రీల నుంచి పదిహేనుకు పడితే, వేడి పోయే వేగమూ సగానికి పడుతుంది. లోపలి ఉష్ణోగ్రతను చూసుకుంటూ తనంతట తాను తగ్గే లైటు ఇక్కడ మరింత త్వరగా, మరింత కిందికి తగ్గుతుంది. కొండపల్లి కోట దారిలో చీకటి పడ్డాక దిగుతూ నా లైటు పాడైందని నేను ఒకసారి బెంగపడ్డాను. అదే లైటు జనవరి చలిలో కొండవీడు ఘాట్ మీద చక్కగా వెలిగింది. పాడైంది లైటు కాదు, నేను వేసుకున్న అంచనా. గాలి వీచే చోట, లేదా గట్టిగా చేత్తో పట్టుకున్నప్పుడు లైటు ఎక్కువసేపు ప్రకాశించడానికి కారణం కూడా ఇదే: మన రక్తం దాని వేడిని మోసుకుపోతుంది.

చిప్పుకూ సెల్లుకూ మధ్య కూర్చున్న సర్క్యూట్‌ను ఎవరూ పొగడరు గాని, పాత టార్చికీ కొత్తదానికీ వాడకంలో ఉన్న తేడాలో సగం దాని పుణ్యమే. తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టుల దాకా కావాలి. పెన్సిల్ సెల్లు ఒకటిన్నర వోల్టులే ఇస్తుంది. ఆ వోల్టేజీని ఎక్కించే చిన్న కాయిల్ సర్క్యూట్ వల్లే ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచే లైటు సాధ్యమైంది. అంతకంటే ముఖ్యమైనది, మంచి సర్క్యూట్ సెల్లు వోల్టేజీ తగ్గుతున్నా చిప్పుకు వెళ్లే కరెంటును మారకుండా నిలబెడుతుంది. కాబట్టి వెలుతురు ఎర్రబారుతూ చావదు. చివరిదాకా సమంగా ఉండి, మెట్టు మెట్టుగా దిగి ఆగుతుంది. నిపుణుల భాషలో ఇది ఒక గీత ఆకారంలో మార్పు, పొలం వెళ్లేవాడికి మాత్రం నాలుగడుగులకోసారి లైటు ఆర్పే అవసరం తప్పడం. చౌక లైట్లలో ఈ సర్క్యూట్ స్థానంలో ఒక రెసిస్టరో, లేక ఏమీ లేకపోవడమో ఉంటుంది. అలాంటి లైటు మొదటి పావుగంట కళ్లు చెదిరేలా వెలిగి, తర్వాత పాత టార్చిలాగే నెమ్మదిగా నీరసిస్తుంది.

వెలుతురు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఎక్కడికి వెళ్తుందన్నది మరొకటి. ఆరుబయట తిరిగేవారికి రెండోదే ముఖ్యం. దూరాన్ని నిర్ణయించేది ల్యూమెన్ కాదు, కాండెలా, అంటే ఒక దిక్కున వెలుతురు ఎంత చిక్కగా ఉందన్న కొలత. ప్రమాణం ప్రకారం లైటు దూరమంటే వెలుగు పావు లక్సుకు, అంటే నిండు పున్నమి వెన్నెలంతకు, పడిపోయే దూరం. కాండెలాల వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది: 2500 కాండెలాలకు వంద మీటర్లు, పదివేలకు రెండు వందలు. దూరం రెట్టింపు కావాలంటే చిక్కదనం నాలుగింతలు కావాలి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు, సీతానగరం వైపు నిలబడి విజయవాడ వైపు చివరి ఖానాను ఒక లైటు వెన్నెలంత వెలిగించాలంటే దాదాపు మూడు లక్షల డెబ్బై నాలుగు వేల కాండెలాలు కావాలి. అంత వెలుగు జేబులో పట్టే ఎల్‌ఈడీ లైటుకు దాదాపు అసాధ్యం, ఎందుకంటే చిక్కదనం చిప్పు ఉపరితలపు ప్రకాశం మీద, దాని ముందున్న అద్దపు గిన్నె వైశాల్యం మీద ఆధారపడుతుంది. గిన్నె వెడల్పు రెట్టింపైతేనే దూరం రెట్టింపవుతుంది. దూరం కొట్టే లైట్లకు తలకాయ పెద్దదిగా ఉండడం షోకు కోసం కాదు. పైగా వెన్నెలంత వెలుగులో ఏదో ఉందని తెలుస్తుంది గాని ఏముందో తెలియదు, కాబట్టి పెట్టె మీద రాసిన దూరంలో సగాన్నే పనికొచ్చే దూరంగా తీసుకోవాలి. అక్కడ వెలుగు నాలుగింతలుంటుంది. ఫోన్ లైటు ఈ విషయంలో మరో కొసన ఉంటుంది: గిన్నె లేదు, చిక్కదనం లేదు, పక్కలకు పరుచుకునే పదుల ల్యూమెన్లు మాత్రమే. మెట్ల మీద తాళం వెతుక్కోవడానికి అది చాలు, గట్టు మీదికి చాలదు.

ముందుకు లాగితే చిన్న గుండ్రంగా, వెనక్కి నెడితే వెడల్పుగా మారే జూమ్ లైట్ల మీద మనవాళ్లకు మోజెక్కువ. ఒక్క కుంభాకార కటకంతో పనిచేసే ఆ లైట్లలో లెన్సు ముందుకు పోయినప్పుడు చిప్పు పక్కలకు చిమ్మే వెలుగంతా గొట్టం గోడలకు తగిలి వృథా అవుతుంది. దూరాన చతురస్రాకారంలో పడేది చిప్పు బొమ్మే. నీళ్లు లోపలికి పోకుండా ఆపడం కూడా కదిలే భాగమున్న లైటులో కష్టం. నేనైతే వాటి జోలికి పోను.

రంగు సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు, ఎందుకంటే ఇది మన పొలాల్లో ప్రాణాలకు సంబంధించినది. 2000 నుంచి 2019 మధ్య భారతదేశంలో పాముకాటుకు సుమారు పన్నెండు లక్షల మంది మరణించారని ఒక పెద్ద జాతీయ అధ్యయనం అంచనా వేసింది. భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను కూడా పేర్కొంది. ఎండుటాకుల మీద చుట్టుకున్న రక్తపింజర గోధుమ రంగు మీద ముదురు గోధుమ గొలుసుతో ఉంటుంది. నీలి చిప్పు, పసుపు పొడి కలిసి చేసే చల్లని తెలుపులో ఎరుపు కొరవగా ఉంటుంది, కాబట్టి మట్టి, ఆకు, పాము ఒకే బూడిద రంగులోకి కలిసిపోతాయి. ఎరుపునిచ్చే ఫాస్ఫర్‌ను కూడా కలిపిన ఎల్‌ఈడీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి అదే కరెంటుకు ఐదో వంతు తక్కువ ల్యూమెన్లిస్తాయి, అందుకే అంకెల పోటీలో వెనకబడతాయి, కానీ ఆ తక్కువ వెలుతురులో కన్ను ఎక్కువ చూస్తుంది. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే ప్రయోగశాల కొలత అయిన సీఆర్ఐ తొంభై దాటిందా లేదా అని పెట్టె మీద వెతకవచ్చు. గుంటూరు వాళ్లకు అంతకంటే సులువైన పరీక్ష ఉంది: ఒక ఎండుమిరపకాయను తెల్ల కాగితం మీద పెట్టి లైటు వేయండి. పగటి వెలుగులో కనిపించే ఎరుపు కనిపిస్తే ఆ లైటు మంచిది; కాయ ఇటుకపొడిలాగా, పాతసరుకులాగా కనిపిస్తే ఆ లైటు రంగుల విషయంలో అబద్ధమాడుతోంది.

మన బజారులో ఎక్కువగా అమ్ముడయ్యే చార్జింగ్ లైటు, అంటే వెనక మడత పిన్నులుండి నేరుగా ప్లగ్గులో గుచ్చే రకం, ఈ పురోగతిలో చాలా భాగానికి వెలుపలే ఉండిపోయింది. వాటిలో తరచుగా నాలుగు వోల్టుల సీసం ఆమ్లం బ్యాటరీ ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే దాని పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ చార్జింగ్ ఎక్కదు. అటక మీద పెట్టి తుఫాను వచ్చినప్పుడు తీసేవారికి అది ఎప్పుడూ మొండిచెయ్యే చూపేది ఇందుకే. చాలా చౌక రకాల్లో 230 వోల్టుల నుంచి లోపలి భాగాలను వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కాబట్టి ప్లగ్గులో ఉండగా దాన్ని వెలిగించడం, విప్పడం ప్రమాదకరం. దానికి బదులు యూఎస్‌బీ టైప్-సి రంధ్రంతో లిథియం సెల్లుండే లైటు ఇప్పుడు అదే ధరకు కాస్త అటూఇటూగా దొరుకుతోంది. అందులోనూ ఒక పిసినారితనం ఉంది: కొందరు తయారీదారులు రెండు చిన్న రెసిస్టర్లు మిగుల్చుకుంటారు, దాంతో రెండు కొసలా టైప్-సి ఉన్న తీగతో ఆ లైటు చార్జింగ్ ఎక్కదు, పాత వెడల్పు పిన్ను తీగతో మాత్రమే ఎక్కుతుంది. లైటు పాడైందని తిరిగిచ్చే ముందు తీగ మార్చి చూడాలి.

సెల్లు విడిగా కొనేవారు 9900 మిల్లీ ఆంపియర్ గంటలు అని రాసినదాన్ని చూసి మురిసిపోవద్దు. ఆ పరిమాణంలో అంత శక్తి ఇమిడే సెల్లు ఈ భూమ్మీద లేదు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. అసలు 18650 నలభై ఐదు గ్రాములకు అటూఇటూ తూగుతుంది, ముప్ఫై గ్రాములు తూగేది పేరుకే సెల్లు. విడి సెల్లును తాళాలతో కలిపి జేబులో వేసుకోకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా చుట్టాలింట్లో మేడ మీద చిక్కుకున్న ఆరుగురికి వెలుగునిచ్చింది రెండువేల ల్యూమెన్ల లైటు కాదు. దాన్ని మొదటి రాత్రే పడవల కోసం ఊపి ఊపి ఖాళీ చేశారు. మిగతా రాత్రులు గడిచింది ఒక పాత సింగిల్ సెల్లు లైటును అన్నిటికంటే తక్కువ మెట్టులో పెట్టి, తెల్ల గోడ మీదికి తిప్పి. పదిహేను ల్యూమెన్లతో ఒక గదిలో మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకోగలరు. మన కన్ను నాలుగింతల వెలుతురును రెండింతలుగా మాత్రమే గుర్తిస్తుంది కాబట్టి, తగ్గించినా నష్టం మనం అనుకున్నంత కాదు. పైన చెప్పిన నిధిలో పదిహేను ల్యూమెన్లంటే ఎనభై గంటలు. చేతిలైటుకు వచ్చిన మెరుగులన్నిటిలో నేను అగ్రస్థానమిచ్చేది ఈ మెట్లకే, అంటే ఎంత ఎక్కువగా వెలుగుతుందన్న దానికి కాదు, అదే లైటు ఎంత తక్కువగా, ఎంత స్థిరంగా వెలగగలదన్న దానికి. తీగ బల్బుకు ఆ విద్య తెలియదు. దాన్ని తగ్గిస్తే సామర్థ్యం కుప్పకూలి ఎర్రబడుతుంది. ఎల్‌ఈడీ తగ్గే కొద్దీ మరింత పొదుపరి అవుతుంది.

మెరుగుపడని భాగం ఒకటుంది, మీట. పాత టార్చి మీటను ముందుకు నెడితే వెలిగేది, వెనక్కి లాగితే ఆరేది. చీకట్లో వేలికి తెలిసిపోయేది. ఇప్పటి లైటులో ఒక్క బొత్తానికే అన్ని పనులూ అప్పగించారు: ఒకసారి నొక్కితే వెలగడం, నొక్కి పట్టుకుంటే మెట్లు మారడం, రెండుసార్లు నొక్కితే పూర్తి జోరు, మూడుసార్లు నొక్కితే కళ్లు తిరిగేలా టపటపా మెరవడం. మా నాన్నగారు రెండో మెట్టు తప్ప మరేదీ వాడరు, పదిరోజులకోసారి చార్జింగ్ పెడతారు. పోయిన దాళ్వాలో ఒక రాత్రి మడవ దగ్గర తడి చేత్తో ఆర్పబోయి మూడుసార్లు నొక్కారట. ఆ టపటపలు ఆగక, అవతలి గట్టు మీది కుక్కలన్నీ ఒక్కసారిగా అరుస్తుంటే, లైటును పంచెలో చుట్టి చంకలో పెట్టుకుని, చీకట్లోనే ఇంటికొచ్చారు.